మంచుకొండల చెంత పూలపండుగ

తెలుగునాట ఉగాది పచ్చడికై వేపపూత కోయు దినములలోనే కాశ్మీరమున శ్రీనగరము చెంత ట్యూలిప్ పూవులు విచ్చుచుండును. మనకు అప్పటికే ఎండలు ముదురుచుండగా, అచ్చట చలి యింకను పూర్తిగా విడువదు. కొండకొమ్ములపై మంచు నిలిచియే యుండును. ఆ తెల్లని కొండల క్రింద ఎఱ్ఱని, పసుపుపచ్చని, ఊదారంగు పూలబారులు చూచుటకై దేశపు నలుమూలలనుండి యాత్రికులు పోవుచున్నారు. అయితే ఈ పండుగకు పంచాంగమున తిథి లేదు. ఎప్పుడు పోయిన పూలు కనబడునను ప్రశ్నకు జవాబు ఆ మొక్క స్వభావములోనే యున్నది.

జబర్వాన్ కొండల పాదమున, దాల్ సరస్సునకు చేరువగా, సుమారు 30 హెక్టారుల వాలునేలపై ఈ తోట మెట్లుమెట్లుగా అమర్చబడినది. పూర్వము దీనికి సిరాజ్ బాగ్ అని పేరు. పిమ్మట ఇందిరాగాంధీ స్మారక ట్యూలిప్ తోటగా ప్రజలకై తెఱువబడినది. 2025లో ఇచ్చట సుమారు 17 లక్షల ట్యూలిప్ దుంపలు నాటబడినవి. డాఫొడిల్, హయసింత్ వంటి పూవులును వానికి తోడుగా పెంచుదురు. నేల వాలుగా నుండుటచే క్రింది మెట్టున నిలిచినవారికి పైబారులన్నియు ఒకదానిపై నొకటి కనబడును. వాని వెనుక కొండ గోడవలె నిలిచియుండును.

ట్యూలిప్ హాలెండు దేశపు పూవని పలువురు తలంతురు. ఈ తోటకు దుంపలు అచ్చటినుండి వచ్చుచున్నమాట నిజమే. కాని దాని పుట్టినిల్లు మధ్యాసియా కొండసీమలు. అది తురుష్క సుల్తానుల ఉద్యానములకు చేరి, అచ్చటినుండి 16వ శతాబ్దమున పశ్చిమ ఐరోపాకు పోయినది. కార్లస్ క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు లైడెన్ నగరమున నాటించిన దుంపలు 1594లో పూచినవి. పుట్టుక కొండలలోనిదగుటచే చలి లేనిదే ఈ మొక్కకు జీవితము సాగదు.

ఉల్లిగడ్డను బోలిన దుంపనుండి ఇది మొలచును. అక్టోబరు, నవంబరు మాసములలో నాటిన దుంప 12 మొదలు 16 వారముల వరకు చల్లని నేలలో నుండవలెను. పూమొగ్గ దుంపలోనే సిద్ధమై యుండును. కాని తగినంత చలి సోకిన పిమ్మటనే కాడ చక్కగా సాగును. చలి చాలనిచో కాడ కురచయై, పూవు ఆకుల నడుమనే చిక్కుకొనును. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలోని మన పెరళ్లలో ట్యూలిప్ నిలువకపోవుటకు కారణమిదియే. దుంపను మూడు నెలలు రిఫ్రిజిరేటరులో నుంచి కుండీలో నాటినచో ఒకమాఱు పూయవచ్చును. అయితే దానిని పండ్లతో కలిపి యుంచరాదు. పండ్లనుండి వెలువడు వాయువు లోపలి మొగ్గను చెఱచును.

చలి యెంత అవసరమో, అది సకాలమున విడుచుటయు నంత అవసరము. మార్చిలో వెచ్చదనము త్వరగా వచ్చినచో పూలు ముందే విచ్చును; వానలు, చలి సాగినచో ఆలస్యమగును. 2023లో తోటను మార్చి 19న తెఱచిరి. 2025లో మార్చి 26న తెఱచిరి. ఒక్కొక్క పూవు ఆయువు కొలది దినములే. అందుచేత ముందు పూచునవి, నడుమ పూచునవి, కడపట పూచునవి యని రకములు కలిపి నాటి, పూలకాలమును సుమారొక నెల సాగదీయుదురు. నడుమ ఎండ తీవ్రమైనచో రేకులు వేగముగా రాలిపోవును. తోటమాలుల ఏడాది శ్రమయు, పడవవారి, బండ్లవారి వసంతకాలపు రాబడియు ఈ కొద్ది వారములపై ఆధారపడియున్నవి. వాతావరణము వేడెక్కుచున్న ఈ కాలమున ఇది వారికి చిన్న చింత కాదు. 2020లో కరోనా వ్యాధి కారణముగా తోట మూయబడగా, పూలు చూచువారు లేకయే పూచి రాలినవి.

సాధారణముగా ఏప్రిల్ మొదటి వారము యాత్రకు అనుకూలము. అయినను ఆ యేటి ప్రకటన చూచియే దినము నిశ్చయించుకొనుట మేలు. 2025 జూన్‌లో కట్రా, శ్రీనగరముల నడుమ రైళ్లు నడువనారంభించినవి గనుక, కట్రాలో బండి మారి రైలుననే శ్రీనగరము చేరవచ్చును. ఉన్ని దుస్తులు వెంట నుండవలెను. ట్యూలిప్ రేకులు చీకటికి, చలికి ముడుచుకొని, ఎండ తగిలిన పిమ్మట విచ్చును. కావున తెల్లవాఱగనే పరుగెత్తక, కొంత ప్రొద్దెక్కిన తరువాత పోయినవారికి విచ్చిన పూలు కనులపండువు చేయును.

రేకులు రాలిన పిమ్మటను ఆకులను కోయక, పండి ఎండువరకు ఉంచుదురు. ఆ ఆకులే ఎండనుండి ఆహారము చేసి దుంపకు అందించును. అటుపై దుంపలను త్రవ్వితీసి, ఆరబెట్టి, మరల నాటుటకై భద్రపఱతురు. కనుక ఛాయాచిత్రమునకై బారుల నడుమ అడుగుపెట్టుట, పూవును ఆకులతో పెఱుకుట తగదు. బాటపై నిలిచి చూచినను పూలకు, కొండలకు కొదువ లేదు.