గంటలో వేసిన బొమ్మకు ఆరు వేలా?

"గంటలో అయిపోయిందిగా... దీనికి ఆరు వేలా?"

నరసరావుపేటలో నీటిరంగుల బొమ్మలు వేసి అమ్ముకునే మా అక్క తరచూ వినే మాట ఇది. ఎదురుగా నిలబడి అడిగేవాళ్లు కొందరు, ఇన్‌స్టాలో రీల్ కింద అడిగేవాళ్లు ఇంకొందరు. రీల్ ఉండేదే 40 సెకన్లు. దాన్ని చూసి గంట అన్నవాళ్లే నయం!

అక్క అంటే మా పెదనాన్న కూతురు. పేరు మాత్రం రాయొద్దంది. మా ఊళ్లలో "ఆర్టిస్ట్" అంటే షాపుల బోర్డులు రాసే ఆయన. గోడ మీద అక్షరం ఎక్కితే కింద మూలన తన పేరు పెట్టుకునేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ బ్రష్షులు చాలావరకు మూలపడ్డాయి. ఇక ఏ షాపు బోర్డూ రాయకుండా, ఏ ఉద్యోగమూ లేకుండా, కాగితం మీద కొండలూ కల్లాలూ వేసి బతుకుతున్నానంటే జనానికి అర్థం కావడం కొంచెం కష్టమే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మా దగ్గర ప్రతి పనికీ గంటలు రాస్తాం. "ఒక నెల నీ పని కూడా టైమ్‌షీట్‌లో రాద్దాం అక్కా, ఆ గంట సంగతేందో తేలుద్దాం" అన్నాను. "రాయి, పోయేదేముంది" అంది. అలా మొదలైంది ఈ లెక్క.

షిఫ్టు పొద్దున ఐదింటికి

పల్నాడు ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినపడాల్సిందే. మిర్చి ఆరబోసుకునేవాళ్లకు ఆ ఎండ కావాలి. నీటిరంగులకు మాత్రం అది శత్రువు.

ఎందుకంటే వాటర్‌కలర్‌లో సగం పని చేసేది నీళ్లే. ఆకాశం వేయాలంటే ముందు కాగితం తడపాలి. ఆ తడి మీద రంగు వదిలితే అది తనంతట తానే పాకి, అంచులు కరిగి మబ్బు అవుతుంది. మధ్యలో కాగితం ఆరిందో, రంగు ఆగినచోట గట్టి గీత పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోపే మొదట తడిపిన చోటు ఆరిపోతుంది.

అందుకే అక్క పని తెల్లవారుజామున 5 గంటలకు మొదలై 9 కల్లా ముగుస్తుంది. ఫ్యాన్ వేస్తే ఇంకా త్వరగా ఆరుతుంది కాబట్టి ఎంత ఉక్కపోసినా ఫ్యాన్ ఆపేస్తుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి బోర్డుకు అంటిస్తుంది. పక్కన స్ప్రే బాటిల్ ఉంటుంది. మరీ ఎండగా ఉన్నరోజు నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ కలుపుతుంది. అదే ముసురు పట్టిందనుకోండి, కథ రివర్స్. ఎంతసేపటికీ ఆరదు. అప్పుడు హెయిర్ డ్రయ్యర్ బయటికి వస్తుంది.

తొమ్మిది తర్వాత చేతిలో బ్రష్ ఉండదు. అంతమాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఆ విషయం తర్వాత చెబుతాను.

తెలుపు కొనేది కాదు, వదిలేది

ఆయిల్, యాక్రిలిక్ రంగుల్లో తప్పు పడితే పైన ఇంకో పొర వేసి కప్పేయొచ్చు. నీటిరంగులో రంగు గాజులా ఉంటుంది. కింద ఉన్నది పైకి కనిపిస్తూనే ఉంటుంది. తెల్లరంగు దాదాపు వాడరు. తెలుపు కావాలంటే ఆ చోట కాగితాన్ని ఖాళీగా వదలాలి. అంటే బొమ్మ మొదలుపెట్టే ముందే వెలుగు ఎక్కడ ఉండాలో తేల్చేసుకోవాలి.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల బొమ్మ వేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. సున్నపు పొడి పట్టిన షెడ్లు, తెల్లటి పొగ, తెల్లటి బాట. అంతా తెలుపే. అక్క మాత్రం తెలుపు జోలికే పోలేదు. వెనక ఆకాశాన్ని బూడిద నీలంగా, నీడల్ని లేత ఊదాగా వేసింది. వదిలేసిన కాగితమే సున్నం అయింది! పైగా ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు కళ్లకు కనిపించేదాన్ని నమ్మకుండా ఒక మెట్టు ముదురుగా వేయాలి. అరగంటలో అయిపోయింది. ఆ అరగంట కోసం అంతకుముందు రెండుసార్లు బట్టీల దగ్గరకు వెళ్లి పెన్సిల్ స్కెచ్‌లు గీసుకొచ్చింది. మొదటి రెండు కాగితాలూ పాడయ్యాయి.

కోటప్పకొండది ఇంకో తంటా. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని దానికి పేరు. త్రికూటాద్రి అనే పేరు అలా వచ్చిందే. అక్క ఒకసారి పొద్దుటి మంచులో ఒక శిఖరం సగం కరిగిపోయినట్టు వేసింది. నా కంటికి చాలా బాగుంది. కొనడానికి వచ్చిన ఆయన శిఖరాలు లెక్కపెట్టి, "అమ్మా, మూడోది ఏదమ్మా?" అన్నారు. అప్పటి నుంచి అమ్మే కొండకు మూడు శిఖరాలు ఖాయం. మంచు కొండ గోడకు తగిలించుకుంది, తన కోసం.

పత్తి మనది, కాగితం వాళ్లది

మంచి నీటిరంగుల కాగితాన్ని పత్తితో చేస్తారు. 300 జీఎస్ఎం మందం, నూరు శాతం కాటన్. మామూలు డ్రాయింగ్ షీటు అయితే రెండు పూతలకే ఉబ్బి, పొట్టు లేస్తుంది. పత్తి పండే జిల్లాలో కూర్చుని, ఫ్రాన్స్‌లోని ఆర్ష్, ఇటలీలోని ఫాబ్రియానో కాగితాలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవాలి. 22×30 అంగుళాల ఫుల్ షీటు ఒక్కటి ఐదారు వందల పైమాటే.

రంగుల్లో పొడిని కాగితానికి పట్టి ఉంచేది గమ్ అరబిక్. మన తుమ్మబంకకు దగ్గరి చుట్టమే, ఎక్కువగా సూడాన్ నుంచి వస్తుంది. ఇక రంగుల్లో ఎరుపుతోనే చిక్కు. పల్నాడు బొమ్మల్లో ఎక్కువ అడిగేది కల్లంలో ఆరబోసిన మిర్చి. అలిజరిన్ క్రిమ్సన్‌తో వేస్తే చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ వెలుతురుకు కొన్నేళ్లలో వెలిసిపోతుంది. అందుకే అక్క పైరోల్ రెడ్ వాడుతుంది. కార్ల పెయింట్లలో కూడా వాడే రంగు ఇది. చిన్న ట్యూబే, ధర మాత్రం చిన్నది కాదు. "ఇవాళ అమ్మిన మిర్చి పదేళ్ల తర్వాత గోడ మీద గులాబీ అయితే నా పేరే కదరా పోయేది" అంటుంది.

టైమ్‌షీట్ ఏం చెప్పిందంటే

నెల తిరిగాక మొత్తం 192 గంటలు తేలాయి. అందులో:

బ్రష్ చేతిలో ఉన్నది: 58 గంటలు
స్కెచ్‌లు, కాగితం సిద్ధం చేసుకోవడం: 26
ఫొటోలు, రీల్స్, వాట్సాప్ మెసేజ్‌లు: 41
ఫ్రేమ్ షాపు, ప్యాకింగ్, కొరియర్: 23
సాయంత్రం పిల్లలకు డ్రాయింగ్ క్లాసులు: 32
లెక్కలు, రావాల్సిన డబ్బుల కోసం ఫోన్లు: 12

అంటే "పెయింటర్" పెయింట్ వేసేది మూడో వంతు టైమ్ కూడా కాదు!

ఆ నెల మొదలుపెట్టిన బొమ్మలు 18. పాడైనవి 5. బాగా వచ్చిన 13లో అమ్ముడైనవి 6. పావు షీటువి నాలుగు, ఒక్కోటి 2,500. అర షీటువి రెండు, ఒక్కోటి 6,000. ఎనిమిది మంది పిల్లల ఫీజు 6,400. మొత్తం 28,400 రూపాయలు. కాగితం, రంగులు, ఫ్రేములు, కొరియర్, ఫోన్ ఖర్చు కలిపి 8,400. మిగిలింది 20,000. గంటలతో భాగిస్తే గంటకు 104 రూపాయలు.

స్క్రీన్ మీద ఆ అంకె చూసి కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత అక్కే అంది: "సరే, ఆరు వేలది రెండు వేలకు ఇమ్మంటున్నారుగా. అలా ఇస్తే ఎంత వచ్చిద్దో చూడు." రెండు బొమ్మల మీద ఎనిమిది వేలు తగ్గించి చూశాను. గంటకు 62 రూపాయలు.

రీల్‌లో కనిపించనిది ఇదే. పాడైన ఐదు కాగితాలు, అమ్ముడుపోని ఏడు బొమ్మలు, బట్టీల దగ్గరకు వెళ్లొచ్చిన రోజులు, ఇవన్నీ అమ్ముడైన ఆ ఆరు బొమ్మల ధరలోనే సర్దుకోవాలి.

అప్పట్లో డబ్బులెవరు ఇచ్చేవారు?

ఈ ప్రశ్నతో వెనక్కి వెళితే మన జిల్లాలోనే ఒక కథ ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక అమరావతి గ్రామం పల్నాడులోకి వచ్చింది. 1816 నుంచి అక్కడి స్తూపం దగ్గర కాలిన్ మెకంజీ తన డ్రాఫ్ట్స్‌మన్ల చేత శిల్పాల బొమ్మలు గీయించాడు. ఇంకుతో, పలుచని పూతలతో వేసిన బొమ్మలవి. ఆ రాళ్లలో కొన్నింటిని తర్వాత సున్నం కోసం కాల్చేశారు. అవి ఎలా ఉండేవో ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ కాగితాలే చెప్పాలి. గీసినవాళ్లు సర్వే జీతగాళ్లు. ఎన్ని రోజులు పట్టినా బేరం లేదు.

దామెర్ల రామారావులోని ప్రతిభను రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహిస్తే, బొంబాయి జె.జె. స్కూల్ దాకా వెళ్లాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 నిండలేదు. అంటే నా వయసు వాడే. చందమామ, యువ ముఖచిత్రాలతో తెలుగిళ్లన్నింటికీ తెలిసిన వడ్డాది పాపయ్య, మన వ.పా., కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. జీతం ఒకవైపు, పత్రికలు మరోవైపు.

ఒకరికి సర్వే, ఒకరికి గురువు, ఒకరికి బడి. ఇప్పటి స్వయం ఉపాధి పెయింటర్‌కు ఉన్నది ఫోన్ ఒక్కటే. మాచర్ల పక్కన దుర్గి రాతి శిల్పాలకు జీఐ గుర్తింపు ఉంది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పులు ఉన్నారు. బొమ్మలు వేసేవాళ్లు ఆ లిస్టులో లేరు.

బడి గంట, బొమ్మ గంట

అక్కకూ ఒక బడి పిలుపు వచ్చింది. ఓ ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్, నెలకు 15,000. ఇంట్లో అందరూ "చేరు" అన్నారు. పెద్దమ్మ అయితే, "నెల తిరిగేసరికి జీతం చేతిలో పడిద్ది, ఇంకేం కావాలే" అని రోజూ అంటోంది. కాదనడానికి లేదు. అమ్ముడుపోని నెలలు కూడా ఉంటాయి.

చిక్కల్లా ఒకటే. స్కూలు బస్సు 7.15కి. పల్నాడులో వాటర్‌కలర్ వేయగలిగేది ఆ పొద్దుటి పూటే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గోడలు ఇంకా సెగలు కక్కుతుంటాయి. ఉద్యోగం కొనుక్కునేది సరిగ్గా బొమ్మ వేసే గంటల్నే.

"పాపయ్య గారు చేయలేదా అక్కా?" అన్నాను.

"ఆయన ఆయనే. ఆ బొమ్మలకు ఎన్ని రాత్రులు మేల్కొన్నారో మనకేం తెలుసు? నాకైతే తెల్లారుజాము కావాలిరా. అది తీసుకుని పదిహేను వేలిస్తామంటే ఎట్టా?"

చివరకు స్కూలు వాళ్లకు చెప్పింది: వారానికి మూడు మధ్యాహ్నాలు వస్తాను, జీతం దానికి తగ్గట్టే ఇవ్వండి. చూసి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

ఈలోపు ఇంకో రెండు మార్పులు చేసింది. ఆర్డర్ అంటే సగం అడ్వాన్స్. అర షీటు ధర 7,000. అదే వారం గృహప్రవేశానికి ఫుల్ షీటు కోటప్పకొండ అడిగిన ఒకాయన, అడ్వాన్స్ మాట వినగానే "ఆలోచించి చెబుతా" అని వెళ్లిపోయారు. పన్నెండు వేల ఆర్డర్. ఆ రాత్రి అక్క సరిగా అన్నం తినలేదని పెద్దమ్మ చెప్పింది. అయినా పొద్దున ఐదింటికి లైటు వెలిగింది. నెలాఖరుకు సత్తెనపల్లి నుంచి ఒకావిడ ఏడు వేలకు మిర్చి కల్లం తీసుకుంది. అడ్వాన్స్ అడగకముందే పంపింది.

మీరు కొనాలనుకుంటే

ధర ఎక్కువనిపిస్తే పెద్దదాన్ని సగానికి అడక్కండి, చిన్న సైజు అడగండి. చాలామంది పోస్టుకార్డు సైజు కూడా వేస్తారు. ఏ కాగితం, ఏ రంగులు అని అడగడం తప్పు కాదు. మంచి పెయింటర్ సంతోషంగా చెబుతారు. అద్దం ఫ్రేములో పెట్టించండి, బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట మౌంట్ వేయించండి. ఎండ నేరుగా పడే గోడకు, తడి చెమ్మ ఉన్న గోడకు తగిలించకండి.

ఇక రీల్ నచ్చితే కింద కామెంట్‌లో "ఎంతసేపు పట్టింది?" అని అడగండి. అక్క ఇప్పుడు దానికి జవాబు ఇస్తోంది. పిడుగురాళ్ల బట్టీల బొమ్మ కింద ఇలా రాసింది: "బ్రష్‌తో అరగంట. మొత్తం పదకొండు గంటలు. రెండు కాగితాలు చెత్తబుట్టలో."