పిల్లి కంట్లో పుసి పడుతోందా? ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేసే ముందు లేబుల్‌పై ఈ పేర్లు ఉన్నాయేమో చూసుకోండి!

లేపాక్షి: పొద్దున లేచేసరికి పిల్లి ఒక కన్ను మూసుకునే కూర్చుంది. రెప్పల చివర పచ్చటి పుసి గట్టిపడి అతుక్కుపోయింది. ముట్టుకోబోతే తల విదిలించుకుని మంచం కిందకు దూరిపోతోంది. ఇంట్లో మనిషికి ఇలా అయితే ఆస్పత్రికి పరిగెడతారు. పిల్లి విషయంలో మాత్రం పోయినసారి కళ్లకలకకు తెచ్చిన చుక్కల మందు సీసా అల్మారాలోంచి బయటికొస్తుంది. అసలు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

లేపాక్షి అంటేనే చాలామందికి కళ్ల కథ గుర్తొస్తుంది. వీరభద్రస్వామి ఆలయం కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని, ఆ ఎర్ర మరకలు ఇవేనని ఇప్పటికీ గుడిలో చూపిస్తుంటారు. ఆ కథ సంగతి పక్కన పెడితే, ఈ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లి అంటే ఒళ్లో కూర్చోబెట్టుకునే ముద్దు జంతువు మాత్రమే కాదు. వేరుశనగ కాయల మూటలున్న ఇంట్లో, పట్టు పురుగుల షెడ్డులో ఎలుకల పని పట్టేది అదే. రెండు కళ్లూ సరిగ్గా కనిపించకపోతే దాని పని దాదాపు అయిపోయినట్టే. అందుకే ఈ సమస్యను చిన్నగా తీసుకోవద్దు.

అసలు కన్ను ఎందుకు పాడవుతుంది?

కరవు నేల, ఎర్ర దుమ్ము, గాలి. చాలామంది మొదట అనుకునేది ఇదే. దుమ్ము పడితే కన్ను కాసేపు నీరు కారుతుంది, నిజమే. కానీ పచ్చగా పుసి పడుతూ, రెప్పలు వాచి, తుమ్ములు కూడా ఉంటే ఎక్కువ సార్లు కారణం హెర్పిస్ వైరస్సే. ఇది పిల్లులకు మాత్రమే వచ్చే రకం, మనుషులకు అంటదు. ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో జీవితాంతం ఒంట్లో దాగి ఉంటుంది. ఈనినప్పుడు, ఇల్లు మారినప్పుడు, కొత్త పిల్లి వచ్చి గొడవపడినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. 'ఎన్నిసార్లు తగ్గించినా మళ్లీ వస్తోంది' అని వినిపించే మాట వెనక తరచూ ఉండేది ఇదే. కాలిసి వైరస్, క్లామిడియా అనే బ్యాక్టీరియా, మైకోప్లాస్మా కూడా కారణాలే. క్లామిడియా అయితే మొదట ఒక కంటికి వచ్చి కొద్దిరోజుల్లో రెండో కంటికి పాకుతుంది. దీనికి చుక్కల మందు ఒక్కటే సరిపోదు. డాక్టర్ రాసే డాక్సీసైక్లిన్ లాంటి నోటి మందును సుమారు 4 వారాలు వాడాలి. ఆ మాత్ర మింగించాక కొంచెం నీళ్లు తప్పక తాగించాలి. లేకపోతే గొంతు కింద గొట్టంలో ఇరుక్కుని పుండు చేస్తుంది.

ఇంకో రెండు కారణాలు ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒకటి ఎండుగడ్డి ముల్లు. రెప్ప కింద చిక్కుకుంటే పుసి ఆగదు, ఎన్ని చుక్కలు వేసినా లాభం ఉండదు. రెండోది సున్నం. పట్టు పురుగుల షెడ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లడం మామూలే. అది చల్లిన నేల మీద తిరిగిన పిల్లి కాలితో కన్ను రుద్దుకుంటే చాలు. సున్నం కంటిని కాల్చుకుంటూ లోపలికి దిగుతుంది. అప్పుడు డాక్టర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. వెంటనే శుభ్రమైన నీళ్లు ధారగా కనీసం 15 నుంచి 20 నిమిషాలు కంట్లో పోస్తూ కడగాలి. పిల్లి గింజుకుంటుంది, గీరుతుంది, అయినా ఆపొద్దు. కడిగాకే ఆస్పత్రి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

చేయగలిగింది తక్కువే, కానీ అది బాగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ సీసా దొరుకుతుంది, దాంతో కడిగితే సరిపోతుంది. దొరక్కపోతే అర లీటరు నీళ్లు బాగా మరగబెట్టి, కొలతగా ఒక టీ స్పూన్ ఉప్పు వేసి, గోరువెచ్చగా చల్లారనివ్వాలి. కుప్పగా కాకుండా సమంగా తీసిన స్పూన్ అన్నమాట. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

పిల్లిని పాత తువ్వాలులో తల మాత్రమే బయటికి ఉండేలా చుట్టేయండి. దూది తడిపి అతుక్కున్న రెప్పల మీద ఒక నిమిషం అలా ఉంచితే గట్టిపడ్డ పుసి మెత్తబడుతుంది. లాగి పీకొద్దు. ముక్కు వైపు మూల నుంచి బయటికి తుడవాలి. ఒకసారి తుడిచిన దూది మళ్లీ వాడొద్దు, ఒక కంటికి వాడింది రెండో కంటికి అసలే వద్దు. రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేయొచ్చు. ముక్కు కూడా కారుతుంటే పిల్లికి వాసన తెలియదు, అందుకే తిండి మానేస్తుంది. అన్నంలో కలిపే చేపను కాస్త వెచ్చచేసి పెడితే తినే అవకాశం ఉంది. మిగతా పిల్లుల నుంచి వేరు చేసి, గిన్నెలు కూడా వేరుగా పెట్టాలి.

కన్ను తెరిచే ఉండి, కొంచెం ఎర్రబడి, నీరు మాత్రమే కారుతూ, పిల్లి మామూలుగా తింటుంటే ఇలా ఒకటి రెండు రోజులు చూడొచ్చు. అంతకు మించి ఆగొద్దు.

ఆ సీసా మీద ఏం రాసి ఉంది?

మనుషుల కంటి చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్. ఈ పేర్లలో ఏది కనిపించినా ఆ సీసా పక్కన పెట్టేయండి. పేరు చివర 'డి' అనే అక్షరం ఉన్న చుక్కలైతే లోపల డెక్సామెథసోన్ ఉందేమో తప్పకుండా చూసుకోవాలి.

ఎందుకంటే స్టెరాయిడ్ వేస్తే ఎరుపు త్వరగా తగ్గుతుంది. మందు పనిచేసిందని సంతోషపడతాం. కానీ హెర్పిస్ వైరస్ ఉన్న కంట్లో నల్లగుడ్డు మీద పుండు పడి ఉండొచ్చు, అది మామూలుగా చూస్తే కనిపించదు. స్టెరాయిడ్ ఆ పుండును మాననివ్వదు, వైరస్‌ను అణిచే ఒంటి శక్తిని అక్కడ తగ్గించేస్తుంది. పుండు లోతుగా దిగుతుంది. కొన్నిసార్లు నల్లగుడ్డు పొర కరిగి కన్ను చిల్లు పడుతుంది. బతికి బయటపడ్డా తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. ఊళ్లో 'కంట్లో పువ్వేసింది' అనేది దాన్నే.

పుండు ఉందో లేదో తేల్చే పరీక్ష చాలా చిన్నది. ఫ్లోరెసిన్ అనే రంగు కాగితం కంటికి తాకిస్తారు. పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు 'రంగు వేసి చూస్తారా' అని అడగడంలో తప్పేమీ లేదు.

చనుబాలు, ఆముదం, పసుపు నీళ్లు, నందివర్ధనం పూల రసం.. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ ఇవేవీ క్రిములు లేకుండా శుభ్రం చేసినవి కావు. పుండున్న కంట్లో పడితే కొత్త ఇన్ఫెక్షన్ చేరుతుంది. తేనె కూడా అంతే. జ్వరం ఉందని పారాసిటమాల్ మాత్ర ముక్క మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పిల్లి ఒంట్లో దాన్ని విరిచే శక్తి లేదు, ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు. వైరస్ అని విని మనుషుల ఎసైక్లోవిర్ మాత్రలు ఇవ్వడమూ ప్రమాదమే.

ఈ లక్షణాలుంటే ఆ రోజే డాక్టర్ దగ్గరకు

కన్ను అసలు తెరవకపోవడం, నల్లగుడ్డు మసకబారడం లేదా నీలంగా తెల్లగా మారడం, కంటిపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనిపించడం, దెబ్బ తగలడం, రోజంతా తినకపోవడం. ఇక పిల్లి పిల్లల సంగతి వేరు. పుట్టిన 7 నుంచి 14 రోజుల మధ్య వాటి కళ్లు తెరుచుకుంటాయి. ఇంకా తెరుచుకోని రెప్పల కింద ఉబ్బుగా కనిపిస్తే లోపల చీము నిండుతున్నట్టు. ఒక్కరోజు ఆలస్యమైనా చూపు పోవచ్చు. బలవంతంగా మీరే విప్పకండి.

లేపాక్షి నుంచి దగ్గర్లో పెద్ద ఊరు హిందూపురం, 15 కిలోమీటర్లే. ముందు అక్కడి ప్రభుత్వ పశువైద్యులకు చూపించొచ్చు. 2022 మేలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాల టోల్ ఫ్రీ నంబర్ 1962. అవి ప్రధానంగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసమే కాబట్టి ఫోన్ చేసినప్పుడు పిల్లి కన్ను అని ముందే చెప్పి ఎక్కడికి తీసుకెళ్లాలో అడగండి. కన్ను చిల్లు పడేదాకా వచ్చి ఆపరేషన్ అవసరమైతే మాత్రం వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బెంగళూరు హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి లాంటి చోటికి వెళ్లాల్సి వస్తుంది. బస్సు చార్జీలు, కూలి పోయిన రోజు అన్నీ లెక్కేస్తే మొదటి రోజు చూపించడమే చవక.

డాక్టర్ మందు రాశాక వేసే పద్ధతి కూడా ముఖ్యమే. ఎదురుగా సీసా పట్టుకుని వస్తే పిల్లి భయపడుతుంది. వెనక నుంచి తల కొంచెం పైకెత్తి, పైరెప్ప లాగి, సీసా మొన కంటికి తాకకుండా ఒక్క చుక్క వదలాలి. రెండు రకాల మందులుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి. పుసి తగ్గిందని మధ్యలో ఆపేయొద్దు. మూత తీసిన సీసాను నెల దాటాక పారేయండి, అల్మారాలో దాచిపెట్టొద్దు. కాలితో కన్ను గీక్కుంటుంటే పాత అట్టపెట్టె కత్తిరించి మెడ చుట్టూ గరాటులా కట్టొచ్చు.

హెర్పిస్, కాలిసి వైరస్‌లకు టీకా ఉంది. పిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా 3, 4 వారాలకోసారి వేస్తారు. జబ్బును పూర్తిగా ఆపకపోయినా తీవ్రత బాగా తగ్గిస్తుంది.

పిల్లి క్లామిడియా అరుదుగా మనిషి కంటికీ అంటుతుంది, అందుకే మందు వేసిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ పెనుగులాటలో పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పసుపు పెట్టి ఊరుకోకండి. గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.