హైదరాబాదు పేరుగల బాంబు విమానం

పిల్లలూ! హైదరాబాదులో అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా ఖైరతాబాదు వైపు వెళుతుంటే దారిలో నిమ్స్ ఆస్పత్రి కనబడుతుంది. ఆ పేరులోని మొదటి అక్షరం నిజామును సూచిస్తుంది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏర్పరచిన ధర్మనిధి మూలంగా ఆ ఆస్పత్రి వెలసింది. మొదట్లో అది విరిగిన ఎముకలను అతికే ఆస్పత్రి.

అదే నిజాము ఇచ్చిన మరొక కానుక ఇంగ్లండులో ఉంది. అయితే అది మనుషులను బాగుచేసేది కాదు; బాంబులు వేసేది! దాని కథ చెబుతాను, వినండి.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. అప్పుడు మన దేశం ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది గదా! నిజాము వారికి సాయంగా ఒక విమానదళానికి సరిపడే విమానాల ఖర్చు భరించాడు. అది 110వ దళం. ఇది నిజాము ఇచ్చిన కానుక అని ఆ విమానాల మీద రాశారు. దళానికే హైదరాబాదు పేరు పెట్టారు.

ఆ విమానాలను డి.హెచ్. 9ఏ అనేవారు. చట్రం కొయ్యది, పైన తొడుగు గుడ్డ. ఇంజనుకు మాత్రం 400 గుర్రాల బలం! ముందు కూర్చున్నవాడు విమానం నడిపేవాడు. వెనుక కూర్చున్నవాడు దారి చూస్తూ, తుపాకి పట్టుకుని శత్రువులను కాచుకునేవాడు. విమానాలన్నీ కొంగల బారులాగా దగ్గరదగ్గరగా ఎగిరేవి. ఎందుకంటారా? ఒకరి తుపాకి మరొకరికి కాపు. బారులో వెనుకబడిన విమానానికి ఆ కాపు ఉండదు. పైగా ఆనాడు ఇంగ్లీషు వైమానికులకు పారాచూట్లు ఇవ్వలేదు. విమానం దెబ్బతింటే దానితోపాటే కిందికి రావలసిందే.

1918 సెప్టెంబరులో ఈ దళం ఫ్రాన్సు నుంచి జర్మనీ మీద దాడులు సాగించింది. వాటిలో ఎఫ్ 1010 అనే విమానం ఒకటి. దానిలో కెప్టెన్ ఇంగ్లిస్, లెఫ్టినెంట్ బాడ్లీ ఉన్నారు. అక్టోబరు 5న దాడికి వెళ్ళినప్పుడు వారు శత్రువుల నేల మీద దిగవలసివచ్చింది. అదృష్టవశాత్తు ఇద్దరూ బతికి, జర్మనులకు బందీలయ్యారు. సరిగ్గా 37 రోజులకు, నవంబరు 11న, యుద్ధమే ఆగిపోయింది!

మరి విమానం ఏమయింది? జర్మనులు దాన్ని విజయచిహ్నంగా దాచుకున్నారు. తరువాత బెర్లినులోని విమానాల మ్యూజియంలో నిలబెట్టారు. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1943లో ఆ మ్యూజియం మీదే బాంబులు పడ్డాయి. కాని అక్కడి విమానాలు కొన్నింటిని తూర్పున పోలండుకు తరలించారు. వాటిలో ఇదీ ఉంది. చూశారా! బాంబులు వేయడానికి పుట్టిన విమానాన్ని బాంబుల నుంచి కాపాడవలసివచ్చింది.

యుద్ధం ముగిశాక అది పోలండులోని క్రాకో మ్యూజియానికి చేరింది. అప్పటికి దానికి రెక్కలు లేవు. 1977లో ఇంగ్లండువారు ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని పోలండువారికిచ్చి, మారుగా దీన్ని తెచ్చుకున్నారు. కొత్త రెక్కలు కట్టి, లండనులోని హెండన్ మ్యూజియంలో ఉంచారు.  1918లో వెళ్ళినది తిరిగి ఇంగ్లండు చేరడానికి దానికి ఎన్ని ఏళ్ళు పట్టిందో మీరే లెక్క కట్టండి.

ఆ దళంతో ఫ్రాన్సు వెళ్ళిన విమానాలలో నేడు మిగిలినది ఇదొక్కటే. శత్రువుల చేతికి చిక్కినదే చివరకు మిగిలింది! ఇక అది ఎగరదు, బాంబులు వేయదు. పంజగుట్ట ఆస్పత్రికి మాత్రం నేటికీ తెల్లవారకముందే రోగులు వస్తూనే ఉన్నారు. నిజాము పేరు రెండింటికీ ఉంది. పిల్లలూ, ఈ రెండు కానుకలలో ఏది గొప్పదో మీరే చెప్పండి.