అఆల కంటే ముందు

అక్షరాభ్యాసం రోజున పళ్ళెంలో బియ్యం పోసి, పసివాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం. పెన్సిల్ ఊసే ఉండదు. గీత ఎటు తిరిగిందో వేలికే తెలుస్తుంది, తప్పుపోతే చేత్తో చెరిపేయొచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. మూడేళ్ళ పిల్లలకు పేజీ నిండా 'అ' రాసుకురమ్మని హోంవర్కు ఇచ్చేస్తున్నారు.

మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే. ఒక్కొక్కటే గట్టిపడుతూ రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే మూడేళ్ళవాడు భుజం నుంచి చేయంతా కదిపి గీస్తాడు. పెన్సిల్‌ని పిడికిట్లో బిగించాడంటే అది మొండితనం కాదు, వయసు. 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే దశగా చూసి ఆటపాటలతో నేర్పమని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది కూడా.

చూసి గీయడం చాలామందికి ఒక వరుసలో వస్తుంది: మూడేళ్ళకు సున్నా, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, ఐదేళ్ళకు త్రికోణం. ఇక్కడ తెలుగు పిల్లలది అదృష్టమే. మన లిపి గుండ్రనిది. సున్నా చుట్టి తలకట్టు పెడితే 'ర', దాని కడుపులో చుక్క పెడితే 'ఠ'. 'వ' కుదిరాక 'మ' ఎంతో దూరం లేదు. అదే 'ఇ' చూడండి, ఎన్ని మెలికలో! వర్ణమాల వరుస నోటికి బాగుంటుంది, చేతికి మాత్రం సులువు నుంచి కష్టానికి వెళ్ళే వేరే వరుస కావాలి.

1907లో రోమ్‌లో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు చేయించి పిల్లలచేత వేళ్ళతో తడిమించారు. ఆమె 1939లో మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చారు. మన బియ్యం పళ్ళెం చేసేదీ ఆ పనే, ఒక్కరోజుతో దాన్ని అటకెక్కించకండి.

వేళ్ళకు పట్టు రావడానికి ఉడికిన వేరుశనక్కాయలు ఒలవనివ్వండి. చపాతీ పిండి పిసకనివ్వండి. ముగ్గు చుక్కలు కలపనివ్వండి. పలక మీదకు బలపం ఇచ్చేటప్పుడు పొట్టి ముక్కే ఇవ్వండి. అది పిడికిట్లో ఇమడదు, మూడు వేళ్ళూ వాటంతటవే దగ్గరకొస్తాయి.

పిల్లలు పిచ్చిగీతలు గీసి "ఇది అమ్మమ్మ ఊరు" అంటే, కింద ఆ మాటే రాసి, వేలుపెట్టి చదివి వినిపించండి. నోటి మాట కాగితం మీద ఉంటుందని అప్పుడే తెలుస్తుంది. కొన్నాళ్ళకు తమ పేరు ఎలా రాయాలో వాళ్ళే అడుగుతారు. ఆ పేరులోని మొదటి అక్షరం వర్ణమాలలో ఎంత వెనక ఉన్నా సరే, ఆ రోజు దాన్నే నేర్పండి.