చివరి స్థానమైనా... కప్పే!

ఏడాదంతా కూడబెట్టిన డబ్బు. ఆదివారాలన్నీ గ్యారేజీలో పడ్డ శ్రమ. తీరా పందెం రోజున మూడో ల్యాప్‌లోనే కారు వెనక గుప్పుమంటూ తెల్లటి పొగ! ఫ్రాన్స్‌లో జరిగే 'లె మాన్స్ క్లాసిక్' పందేల్లో ఔత్సాహికుల్ని భయపెట్టేది పక్క కారు కాదు, ఆ పొగే.

లె మాన్స్ పట్టణంలో 1923 నుంచీ 24 గంటల కారు పందెం జరుగుతోంది. ఒకప్పుడు అందులో పరుగెత్తిన రకం పాత కార్లకోసం 2002లో మొదలైందీ పండగ. కాలాన్ని బట్టి కార్లను బృందాలుగా విడదీసి పగలూ రాత్రీ వంతులవారీగా వదులుతారు.

ట్రాక్ పొడవు 13 కిలోమీటర్లపైనే. తిన్నగా సాగే రోడ్డుమీద యాక్సిలరేటర్‌ని అదిమిపట్టాల్సిందే. అరవై ఏళ్ల ఇంజిన్‌కి అదే పరీక్ష. బాగా వేడెక్కితే సిలిండర్ హెడ్ కింది గ్యాస్కెట్ దెబ్బతింటుంది. నీళ్లు కలిసి ఇంజిన్ ఆయిల్ పాలుపోసిన కాఫీలా మారిపోతుంది. తర్వాతి వంతులోపు హెడ్ విప్పి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాలి. హెడ్ వంగిపోయిందా... ఇక ఇంటికే!

ఎంజీబీ లాంటి కారైతే కొంత నయం. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. పదుల సంఖ్యలోనే వచ్చిన కారైతే పాడైన భాగాన్ని ప్రత్యేకంగా చేయించుకోవాల్సిందే.

రాత్రంతా మేలుకుని బాగుచేసిన ఇంజిన్ తెల్లవారుజామున మళ్లీ అందుకుంటే... ఆఖరున వచ్చినా ఆ యజమానికి కప్పు గెలిచినంత సంబరమే!