సైలెన్సర్: ఇంట్లో విప్పదగినది ఎంతవరకు?

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కొలంబస్ పట్టణానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ సోదరులు ఇంజను చప్పుడును అణచే సాధనానికి 1897లో పేటెంటు పొందారు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 100 సార్లు వేడి వాయువు గొట్టంలోకి విరుచుకుపడుతుంది; ఆ పీడన తరంగాలను సైలెన్సర్ లోపలి గదుల గోడలకు కొట్టించి ఒకదానితో మరొకటి రద్దయ్యేలా చేయడం ఒక పద్ధతి కాగా, చిల్లుల గొట్టం చుట్టూ గాజునూలు కూరి ధ్వనిశక్తిని అందులో ఇంకిపోనివ్వడం రెండవది. బజారులో విడిగా దొరికే ఎగ్జాస్టులు ఎక్కువగా ఈ రెండవ రకానికి చెందుతాయి. వాయువు నిరాటంకంగా పోతుంది గాని, గాజునూలు సన్నని ధ్వనులను మింగినంతగా మంద్ర ధ్వనులను మింగలేదు కనుక, కొన్నవారిని రహదారిపై ఒకే వేగంతో పోతున్నప్పుడు ఎడతెగని గుంయ్‌మనే మోత వెంటాడుతుంది.

ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు యూజీన్ హౌడ్రీ 1950లలో రూపొందించిన ఉత్ప్రేరక పరికరం, అంటే తాను మార్పు చెందకుండానే విషవాయువులను మార్చే లోహపు పూత గల క్యాటలిటిక్ కన్వర్టర్, పెట్రోలులోని సీసం వల్ల పాడైపోతుండడంతో 1975 మోడల్ కార్ల వరకు విస్తృత వాడకంలోకి రాలేదు. దానితో చప్పుడు అణచే డబ్బాగా మొదలైన ఎగ్జాస్టు రసాయన యంత్రంగా కూడా మారింది. కన్వర్టర్‌ను తొలగించడం అమెరికా చట్టానికి విరుద్ధం. భారతదేశంలోనైతే తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్నే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది.

అందువల్ల అమెరికాలో కారు యజమాని ఇంటి షెడ్డులో స్వయంగా మార్చుకునేది సాధారణంగా కన్వర్టర్ వెనుక నుంచి తోక గొట్టం వరకు ఉండే భాగం మాత్రమే. కొత్త భాగం బోల్టులతో బిగిసేదే అయినా, పాతదాన్ని ఊడదీయడంలోనే అసలు పని ఉంది: తుప్పుపట్టిన నట్టు నూనెకు లొంగక తెగిపోవచ్చు, గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు కొక్కేలు సబ్బునీళ్లు పూస్తే గాని జారవు, వెనుక ఇరుసు మీదుగా పోయే ఒంటిముక్క గొట్టం కోస్తే తప్ప బయటికి రాకపోవచ్చు. కోత, వెల్డింగ్ అవసరమైన చోట కారును పైకెత్తే లిఫ్టు ఉన్న మెకానిక్ షెడ్డుదే పైచేయి. గొట్టం లోపల కడ్డీ ఉంచి, వంపు దగ్గర నొక్కుకుపోకుండా వంచే యంత్రం కొన్ని షెడ్లలో ఉంటుంది, ఇళ్లలో అది ఊహకందని సంగతి.

ఇంట్లో చేసేవారు కారును జాకీ మీదనే వదలకుండా సమతలంపై గట్టి స్టాండ్ల మీద నిలపాలి. బోల్టులన్నీ ముందు వదులుగా తగిలించి, గొట్టం ఇరుసుకూ అడుగురేకుకూ తగలకుండా సర్దిన తరువాతే ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు కాబట్టి పరీక్షను ఆరుబయటే జరపాలి: ఇంజను చల్లగా ఉన్నప్పుడే నడిపి, అతుకులపై సబ్బునీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. ఈ పరీక్షలో తేలని లీకును కొన్నాళ్లకు అతుకు పక్కన పట్టే నల్లని మసి చెబుతుంది. లోహం వేడెక్కి చల్లారిన కొద్దీ బిగింపు సడలుతుంది గనుక, కొంత ప్రయాణం తరువాత బోల్టులన్నిటికీ మరొకసారి రెంచి పెట్టక తప్పదు.