ఆధార్‌ను కాదన్నదెవరు? ఎందుకు?

2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందూర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ నంబరు ఇచ్చారు. అప్పటి నుంచీ దీనిపై ఎవరు అభ్యంతరం చెప్పినా ఒకే మాట ఎదురవుతోంది: ‘తప్పు చేసినవాడికే భయం.’ ఆ వ్యతిరేకత గురించి మన దగ్గర పాతుకుపోయిన అభిప్రాయాలు చాలావరకు తప్పు. ఆ తప్పుల వల్ల నష్టపోతున్నది కోర్టుకెక్కినవాళ్లు కాదు, రేషన్ షాపు ముందు నిలబడ్డ ముసలివాళ్లు.

అపోహ: వ్యతిరేకించింది నల్లధనం దాచుకున్నవాళ్లు, బోగస్ కార్డులున్నవాళ్లు.

వాస్తవం: 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. అప్పటికే ఎనభై దాటిన మనిషి. సంక్షేమ పథకాలకు ఆధార్‌ను తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసినవారిలో మన శాంతా సిన్హా ఉన్నారు. బాలకార్మికులను బడిబాట పట్టించినందుకు 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న ఆవిడకు దాచుకోవాల్సిన అవసరమేముంది? పాన్‌తో ఆధార్ ముడిపెట్టడంపై కోర్టుకెళ్లిన బెజవాడ విల్సన్, మనుషుల చేత మలం ఎత్తించే దురాచారంపై జీవితమంతా పోరాడుతున్న వ్యక్తి. అభ్యంతరాలు పార్లమెంటులోనూ వచ్చాయి. యశ్వంత్ సిన్హా నాయకత్వంలోని స్థాయీ సంఘం 2011 డిసెంబరులో ఆధార్ కోసం తెచ్చిన ఆనాటి బిల్లును తోసిపుచ్చింది. అయినా నమోదు ఆగలేదు. 2016లో చట్టం వచ్చేదాకా చట్టం లేకుండానే సాగింది.

అపోహ: పేదలకు మేలు జరగడం వాళ్లకు ఇష్టం లేదు.

వాస్తవం: అందరికన్నా ముందు వాళ్లు మాట్లాడింది పేదల గురించే. వేలిముద్ర పడితేనే బియ్యం అన్న షరతు ఎవరి మీద పడుతుందో చూడండి. నాట్లు వేసి, సిమెంటు కలిపి, బీడీలు చుట్టి చేతిగీతలు అరిగిపోయినవాళ్ల మీద. డీలరు గుడ్డతో వేలు తుడుస్తాడు. బొటనవేలు పెట్టమంటాడు, చూపుడువేలు పెట్టమంటాడు, ఎడమచెయ్యి పెట్టమంటాడు. మిషన్ ఒప్పుకోదు. సిగ్నల్ లేకపోయినా ఇదే గతి. ‘రేపు రామ్మా’ అంటాడు. ఆ రేపటికి ఇంకో రోజు కూలి పోతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో డీలరుకూ తెలుసు, వరుసలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, తెలియనిది మిషన్‌కే. దీన్ని చిన్న సాంకేతిక లోపం అనడం నా దృష్టిలో అన్యాయం.

నిజానికి ఇలా తిప్పి పంపకూడదు. వేలిముద్ర పడనివారికి వేరే మార్గంలో సరుకులివ్వాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. ఆధార్‌పై సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పూ ఆ మాటే చెప్పింది.

అపోహ: ఆధార్ ఉంటే భారత పౌరుడని రుజువైనట్టే.

వాస్తవం: కాదు. ఆధార్ చట్టంలోని 9వ సెక్షన్ ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ నివసించిన విదేశీయుడు కూడా ఆధార్ తీసుకోవచ్చు. అయినా 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ కార్యాలయం నోటీసులిచ్చింది. పౌరసత్వం రుజువు చేసుకోమన్న నోటీసు బయటపడి గగ్గోలు పుట్టాక, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే వివరణ ఇచ్చుకుంది.

అపోహ: వేలిముద్రను ఎవరూ దొంగిలించలేరు.

వాస్తవం: 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా!

అపోహ: 2018లో సుప్రీంకోర్టు వాళ్ల వాదనలన్నీ కొట్టేసింది.

వాస్తవం: సబ్సిడీలకు, పాన్‌కు ఆధార్ ఉండాలన్న అంశంలో వాళ్లు ఓడిపోయారు, అది ఒప్పుకోవాలి. కానీ బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు, బడిలో చేరడానికి తప్పనిసరి కాదని అదే తీర్పు చెప్పింది. 4–1 మెజారిటీ తీర్పులో విభేదించిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్, ఆధార్ చట్టాన్ని ద్రవ్య బిల్లుగా తేవడమే రాజ్యాంగ విరుద్ధమన్నారు. అంతకన్నా పెద్ద ఫలితం 2017 ఆగస్టు 24న వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వం వాదిస్తే, తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కేనన్నారు. ఆధార్‌ను సమర్థించేవాళ్లూ ఈ రోజు అనుభవిస్తున్న ఆ హక్కు పుట్టస్వామి వేసిన కేసులోనే తేలింది.

వేలిముద్ర పడలేదని మీ ఇంట్లోవాళ్లకో, పక్కింటివాళ్లకో బియ్యం ఇవ్వకపోతే ఊరుకోకండి. మరో మార్గంలో ఇమ్మని అడగండి. కాదంటే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసివ్వండి. అవసరం లేనప్పుడు మీ బయోమెట్రిక్స్‌ను ఆధార్ వెబ్‌సైట్‌లో లాక్ చేసి ఉంచండి. ఏదైనా అనుమానం ఉంటే 1947కు ఫోన్ చేయండి.